సింగపూర్‌ను రేవుగా చూడాలంటే

సింగపూర్ వెళ్ళినవాళ్ళలో చాలామంది మెరీనా బే మేడలూ సెంతోసా చూసి తిరిగొచ్చేస్తారు. కానీ ఈ ఊరికి అన్నం పెట్టింది రేవు. 1819లో బ్రిటిష్ ఈస్టిండియా కంపెనీ అధికారి రాఫెల్స్ వచ్చి సుంకాల్లేని రేవు తెరవడానికి చాలా ముందే, 14వ శతాబ్దంలో, తెమాసెక్ పేరుతో ఇక్కడ వర్తకం సాగింది. అందుకే నది ముఖద్వారం పక్కనున్న ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంతో మొదలుపెట్టడం మంచిది. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర సముద్రంలో బయటపడిన, మునిగిపోయిన 9వ శతాబ్దపు ఓడలోని సరుకు అక్కడుంది. మేకుల్లేకుండా తాళ్ళతో పలకలు కుట్టిన ఓడ అది, నిండా చైనా గిన్నెలు. దీనికే రెండు గంటలు ఉంచుకోండి.

నది మీద పడవ షికారు సాయంత్రం బావుంటుంది గానీ, ఓడలు కనపడవు. 2008లో సముద్రానికి అడ్డంగా మెరీనా బ్యారేజ్ అనే ఆనకట్ట కట్టాక నది మంచినీటి జలాశయంలో భాగమైంది. ఓడల కోసమైతే మెరీనా సౌత్ పియర్ (పడవల రేవు) మెట్రో స్టేషన్‌లో దిగి సెయింట్ జాన్స్ దీవి ఫెర్రీ ఎక్కాలి. దారి పొడవునా లంగరేసిన ట్యాంకర్లే. తిరిగొచ్చే చివరి ఫెర్రీ ఎన్నింటికో ఎక్కేముందే అడగండి, శని ఆదివారాల్లో వేళలు మారతాయి. తిండీ నీళ్ళూ వెంట తీసుకెళ్ళాలి. అదే పియర్‌లో ఉన్న మారిటైమ్ గ్యాలరీకి (ఓడల రవాణా గురించిన ప్రదర్శనశాల) టికెట్టు లేదు.

బసకు లిటిల్ ఇండియా, చైనాటౌన్ అనువైనవి. అయితే అక్కడి చిన్న హోటళ్ళు చాలావరకు పాత దుకాణపు ఇళ్ళలో ఉంటాయి. వీధివైపు ఇరుకు, లోపలికి పొడవు కావడంతో మధ్య గదులకు కిటికీలుండవు, తేమ వాసన వస్తుంది. బుక్ చేసేటప్పుడు గది వివరాల్లో కిటికీ ఉందని రాసి ఉంటేనే తీసుకోండి. హైదరాబాద్, విశాఖల నుంచి రాత్రి విమానం ఎక్కితే తెల్లవారేసరికి దిగుతారు, గది మాత్రం చాలాచోట్ల మధ్యాహ్నం 2, 3 గంటలైతే గానీ ఇవ్వరు. సామాను పెట్టుకోనిస్తారో లేదో ముందే కనుక్కోవాలి.

మెట్రోలో బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు. విదేశీ కార్డుకు వాడిన రోజుకు 60 సెంట్లు అదనం, మనిషికో కార్డు ఉండాలి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపే ఎస్‌జీ అరైవల్ కార్డు (దేశంలోకి వచ్చేవాళ్ళు ఇచ్చే వివరాల ఫారం) ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైటు ఎదురైతే అది సర్కారుది కాదు.

రెస్టారెంట్లలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10% సర్వీస్ చార్జీ, ఆపైన 9% జీఎస్టీ కలుస్తాయి. లిటిల్ ఇండియాలోని తెక్కా సెంటర్ లాంటి హాకర్ సెంటర్లలో (చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండేవి) సర్వీస్ చార్జీ ఉండదు, తిన్న ట్రే మాత్రం మనమే తీసుకెళ్ళి ట్రేలు పెట్టేచోట పెట్టాలి. లేకుంటే జరిమానా పడొచ్చు.