ట్రిప్లికేన్ లాడ్జి, పులికాట్ సమాధులు

చెన్నై వెళ్ళి ట్రిప్లికేన్‌లో గది తీసుకునేవాళ్ళు ఏసీ ఉందా, వేడినీళ్ళు వస్తాయా అని అడిగి ఊరుకోకండి. పైకి బకెట్ మోసుకొచ్చే పిల్లాడి వయసెంతో కూడా చూడండి. మేం మొదటి రోజు చూడలేదు. సామాను మోసినందుకు ఇరవై రూపాయలు చేతిలో పెట్టి తలుపేసుకున్నాం.

గది రాత్రికి 1,800, అదనపు పరుపుకి 400. మూడు రాత్రులకి 6,600. ఇది కాక 2,000 డిపాజిట్. మా ఆయన ప్రతి ఖర్చూ ఫోన్‌లో రాసుకుంటారు కాబట్టి ఈ లెక్కల్లో పొరపాటుండదు.

అసలు ప్రయాణం నా కోసమే పెట్టుకున్నాం. మా పుట్టిల్లు బొబ్బిలి దగ్గర. మా ముత్తాత తమ్ముడు ఒకాయన "నాటాలు పోయాడు" అని ఇంట్లో చెప్పుకునేవారు. మా వైపు చాలామంది రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయారు, కొందరు తిరిగొచ్చారు. నాటాలు పోయినాయన మాత్రం మళ్ళీ రాలేదు. అది దక్షిణాఫ్రికాలోని నేటాల్ అని నాకు పెద్దయ్యాకే తెలిసింది. చెరకు తోటల కూలీలతో మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరులో మద్రాసు నుంచే బయలుదేరి, నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా అలా పోయినవాళ్ళు లక్షా యాభై వేలకు పైనే. అందులో మనవాళ్ళూ, తమిళులూ ఎంతమందో. వాళ్ళు ఏ ఒడ్డున నిలబడి ఓడెక్కారో చూడాలనుకున్నాను. అత్తయ్యగారికి పార్థసారథి స్వామి దర్శనం కావాలి. అలా ముగ్గురం బయలుదేరాం.

దర్శనం బాగా జరిగింది. మెరీనా బాగుంది.

రెండో రోజు సెయింట్ జార్జి కోట. ఒక హెరిటేజ్ వాక్ వాళ్ళకి ముందే డబ్బు కట్టాం, మనిషికి 900 చొప్పున ఇద్దరికి 1,800. మోకాళ్ళ నొప్పని అత్తయ్యగారు గదిలోనే ఉన్నారు. గైడు కుర్రాడు బాగా మాట్లాడతాడు. సెయింట్ మేరీస్ చర్చిలో నిలబెట్టి, 1680లో కట్టిన ఈ గుడిలో మొదట నమోదైన పెళ్ళి ఎలైహు యేల్‌దని, ఆయన తర్వాత ఇక్కడ గవర్నరయ్యాడని, అమెరికాలో యేల్ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారని అరగంట చెప్పాడు. పెళ్ళికూతురు వితంతువన్న సంగతి కూడా వదల్లేదు. ఈ కోట నుంచి మనుషుల్ని ఓడల్లో ఎక్కించి అమ్మారు కదా, ఆ మాట కూడా చెప్పమని అడిగాను. "అవన్నీ ఇప్పుడెందుకు మేడమ్, వచ్చినవాళ్ళకి నచ్చదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. యేల్ గవర్నరైన 1687లోనే, కరువు రోజుల్లో, ఒక్క నెలలో ఈ కోట నుంచి కనీసం 665 మందిని బానిసలుగా ఓడలెక్కించారు. తిండిలేక తమను తాము అమ్ముకున్నవాళ్ళున్నారు, దొంగలు ఎత్తుకొచ్చి అమ్మిన పిల్లలున్నారు. మొగలాయి అధికారులు గట్టిగా అభ్యంతరం పెట్టాక 1688లో ఈస్టిండియా కంపెనీ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. దొంగతనం చేశారన్న నేరానికి మనుషుల్ని కొరడాలతో కొట్టించి, ముద్ర వేయించి, పరదేశానికి బానిసలుగా పంపిన శిక్షలు కూడా యేల్ హయాంలోవే. ఆయన ఉన్న ఒక పాత చిత్రంలో దొరల బల్ల పక్కన ఒక నల్లపిల్లాడు నిలబడి ఉంటాడు. వాడి మెడకి లోహపు పట్టీ. 2020లో యేల్ యూనివర్సిటీ మ్యూజియంవాళ్ళే దాన్ని గోడ మీంచి దించి, ఆ పిల్లాడెవరో తేల్చడానికి పరిశోధన మొదలుపెట్టారు. బానిసత్వంతో తమకున్న సంబంధానికి 2024లో ఆ యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. అమెరికాలో ఒప్పుకున్న మాట చెన్నైలో చెప్పడానికి ఏం అడ్డం? ఆ 1,800 దండగ. కోటకి మీరే వెళ్ళండి. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు ఉంచుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్కడ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ విగ్రహం దగ్గర ఒక నిమిషం ఆగండి. మనుషుల్ని ఓడల్లో ఎగుమతి చేయకూడదని 1789లో కలకత్తాలో ప్రకటన చేసింది ఆయనే. ఆ సంగతీ గైడు చెప్పలేదు.

ఓడెక్కిన ఒడ్డు మాత్రం దొరకలేదు. 1860లో మద్రాసుకి హార్బరే లేదు. ఓడలు దూరంగా లంగరేసుకుని ఉంటే, అలల మీద మసూలా పడవల్లో జనాన్ని తీసుకెళ్ళి ఎక్కించేవారు. ఇప్పుడక్కడ కంటైనర్ల గోడ.

మూడో రోజు పులికాట్, తమిళంలో పళవేర్కాడు. కారుకి రానూపోనూ 3,800. అరవై కిలోమీటర్లే అయినా రోడ్డు కొంత దూరం బాగోలేదు, అత్తయ్యగారు దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంగ్లీషువాళ్ళ కంటే ముందే, 1613లో, డచ్చివాళ్ళు ఇక్కడ గెల్డ్రియా కోట కట్టారు. ఇప్పుడక్కడ పొదలే. వాళ్ళ సమాధుల తోట మాత్రం బాగా కాపాడారు, వాకిట్లో రాతిలో చెక్కిన అస్థిపంజరాలు మనల్నే చూస్తుంటాయి. 1622, 23ల్లో పులికాట్ చుట్టుపక్కల రేవుల నుంచి డచ్ కంపెనీ దాదాపు 1,900 మందిని బానిసలుగా పంపింది. 1659 నుంచి 61 దాకా తంజావూరు సీమ బిజాపూరు దాడులతో, కరువుతో అల్లాడినప్పుడు నాగపట్నం, పులికాట్ లాంటి రేవుల్లో ఎనిమిది నుంచి పది వేల మందిని కొంది. ఎక్కువమందిని సింహళానికి, కొందరిని బటావియాకి (ఇప్పటి జకార్తా), మలక్కాకి పంపారు. కొన్న వర్తకుల సమాధుల మీద పేర్లు, బిరుదులు, పూలతీగలు. అమ్ముడుపోయినవాళ్ళకి ఒక్క రాయి లేదు.

నా ముఖం చూసి మా ఆయన పడవ మాట్లాడారు, గంటకి 1,000. పడవాయన తెలుగులో పలకరించేసరికి అత్తయ్యగారు లేచి కూర్చున్నారు. మధ్యాహ్నం వాళ్ళ చుట్టాలింట్లోనే భోజనం పెట్టించాడు. మనిషికి 180. అన్నం, పీతల పులుసు, చిన్న రొయ్యల వేపుడు, చివర్లో పలచటి మజ్జిగ. పులుసులో మిరియాలు, వెల్లుల్లి తప్ప మసాలా ఏదీ వేసినట్టు లేదు, పీత తీపి నాలుకకి తెలుస్తోంది. అత్తయ్యగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. ఈ ప్రయాణంలో ఇచ్చిన డబ్బుకి రెట్టింపు దొరికింది ఇక్కడొక్కచోటే.

ఆ రాత్రి లాడ్జిలో మళ్ళీ ఆ పిల్లాడే నీళ్ళు తెచ్చాడు. అత్తయ్యగారి పుట్టిల్లు పర్లాకిమిడి, ఒడియా బాగా వచ్చు. ఏ ఊరు నాయనా అని ఒడియాలో అడిగారు. వాడు బకెట్ కింద పెట్టి అక్కడే కూలబడ్డాడు. గంజాం జిల్లా. పదమూడేళ్ళు కూడా దాటినట్టు లేడు. వాళ్ళ నాన్న ఒక మేస్త్రి దగ్గర ఇరవై వేలు అడ్వాన్స్ తీసుకున్నాడట. అది తీరేదాకా వీడు ఇక్కడ పనిచేయాలి. వచ్చి ఎనిమిది నెలలైంది. తిండి ఖర్చు, పగిలిన గ్లాసుల ఖర్చు కలుపుకుంటూ పోతే ఇంకా పద్దెనిమిది వేలుందని మేనేజర్ చెప్పాడట. ఫోను మేనేజర్ దగ్గరే ఉంది.

నేటాల్ పోయిన గిర్మిట్ (అగ్రిమెంట్) కూలీలు ఐదేళ్ళకి వేలిముద్ర వేసేవారు. నెలకి పది షిల్లింగులు. చిట్టీ లేకుండా తోట దాటితే జైలు. అది బానిసత్వం కాదు, ఒప్పందం అనేవారు దొరలు. వీడి చేతిలో ఆ కాగితం కూడా లేదు. 1843 చట్టంతో మన దేశంలో బానిసత్వానికి కోర్టుల్లో చోటు పోయింది. అప్పు కింద మనిషిని కట్టిపడేయడం 1976 చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం లెక్కన అసలా అప్పే చెల్లదు. అదంతా వాడికెవరు చెప్తారు?

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. లాడ్జి పేరు, వీధి, పిల్లాడు ఏ వేళ ఎక్కడుంటాడో ఓపిగ్గా అడిగి రాసుకున్నారు. "మనకెందుకు గొడవ, రేపు రాత్రికి రైలుంది" అని మా ఆయన టెన్షన్ పడ్డారు. ఆయన మీద నాకు కోపం రాలేదు, నాకూ భయంగానే ఉంది. అత్తయ్యగారే గట్టిగా అన్నారు, "చేసింది మంచిపని, నువ్వు నోరు మూసుకో" అని.

పొద్దున పదకొండింటికి ఇద్దరొచ్చారు, వెంట ఒక పోలీసాయన. పిల్లాణ్ణి పక్కకి తీసుకెళ్ళి మాట్లాడారు, మాటలు కుదరనప్పుడు అత్తయ్యగారిని పిలిచారు. వాడు అడిగింది ఒక్కటే, నాన్న అప్పు సంగతేమిటని. కట్టక్కర్లేదని, విడుదల పత్రం ఇప్పించే ఏర్పాటు చేస్తామని వాళ్ళు చెప్తే, అత్తయ్యగారు ఒడియాలో రెండుసార్లు చెప్పారు. వాణ్ణి వాళ్ళతో తీసుకెళ్ళారు. మేనేజర్ మా డిపాజిట్ రెండు వేలూ ఇవ్వనన్నాడు. గొడవపడి వెయ్యి తీసుకున్నాం.

రైల్లో అత్తయ్యగారు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నెల్లూరు దాటాక అన్నారు, "మా నాన్నగారి దగ్గర కంబారి ఉండేవాడమ్మాయ్, పాలేరు. వాళ్ళయ్య చేసిన అప్పుకి వచ్చాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళేవాడు. నా పెళ్ళినాటికి కూడా మా ఇంట్లోనే ఉన్నాడు."

ఎంత అప్పని అడిగాను. తెలియదన్నారు. వాడి పేరు?

"అప్పన్న. ఇంటిపేరు ఎప్పుడూ అడగలేదు."