సంతానానికి ఏ ఎలుక: దుకాణంలోదా, వంశం తెలిసినదా?

పెంపుడు ఎలుకలను జతకట్టించదలచినవారు సాధారణంగా దుకాణపు ఎలుకనో, తరతరాల వివరాలు రాసి ఉంచే పెంపకందారుని ఎలుకనో ఎంచుకుంటారు.

దుకాణంలోది చవకగా, వెంటనే దొరుకుతుంది. కానీ దాని తల్లిదండ్రులు ఎంతకాలం బతికాయో, ఏ జబ్బుతో పోయాయో చెప్పేవారుండరు. పైగా ఎలుకలు 5, 6 వారాలకే ఈడుకు వస్తాయి కనుక, ఆడా మగా కలిపి ఉంచిన చోట కొన్న ఆడ ఎలుక అప్పటికే చూలుతో ఉండవచ్చు.

వంశం తెలిసిన ఎలుక విలువ దాని రంగులో కాక ఆ రాతల్లో ఉంది. ఎలుక ఆయుష్షు 2 నుంచి 3 ఏళ్లే. ఆడవాటిలో రొమ్ము కణితులు ఎక్కువగా వయసు మళ్లాకే బయటపడతాయి, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి కూడా వయసుతో ముదురుతుంది. తొలి కాన్పు మాత్రం సుమారు 8 నెలల లోపే కావడం మంచిది కాబట్టి, తల్లి ఆరోగ్యం పూర్తిగా తేలేదాకా ఆగే వీలుండదు. అమ్మమ్మ తాతల చరిత్రే ఆధారం.

అందుకే దుకాణపు ఎలుకను ప్రేమగా పెంచుకోవచ్చు గాని, దానితో పిల్లలు పెట్టించడం తగదని నా నిశ్చితాభిప్రాయం. వంశం ఎంత మంచిదైనా, మనిషి చేతిని కరిచేదాన్ని, ఊపిరిలో గరగర వినిపించేదాన్ని కూడా జతకట్టించకూడదు.