గూడబాతును చూడ్డానికి ఎన్ని రెట్లు కావాలి? బైనాక్యులరా, జూమ్ స్కోపా

మా ఇంట్లో బీరువా మీద ఒక నల్ల డబ్బా ఉంది, జూమ్ బైనాక్యులర్. దాని మీద పెద్ద అంకెలతో 10-30×50 అని ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఆ 30 చూసే కొన్నాను. ఒక జనవరి ఆదివారం నెల్లూరు నుంచి చీకటితోనే బయల్దేరి, నాయుడుపేట దాటి, దొరవారిసత్రం దగ్గర మలుపు తిరిగి నేలపట్టు చెరువు కట్ట ఎక్కేసరికి ఇంకా ఏడు కాలేదు. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతున్నాయి. ఒక పిల్ల తలంతా తల్లి మూతి సంచిలోకి దూర్చేసింది. ఇంకా దగ్గరగా చూద్దామని జూమ్ మీటను 30 దాకా నొక్కాను. అంతే, ఒక తల్లి ఇద్దరయింది. పది నిమిషాలు అలాగే కళ్లు చికిలించి చూశాక కణతలు పోటెత్తాయి.

తప్పు నా కళ్లది కాదు. బైనాక్యులర్‌లో రెండు గొట్టాలుంటాయి. జూమ్ తిప్పినప్పుడు రెండింట్లోనూ లోపలి అద్దాలు సరిసమానంగా కదలాలి. ఒకవైపు వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండు బొమ్మలూ కలవవు. వాటిని కలపడానికి కళ్లు అవస్థ పడతాయి, తలనొప్పి అందుకే. మూడు నాలుగు వేల రూపాయల వస్తువులో అంత కచ్చితత్వం ఎక్కడ నుంచి వస్తుంది? కాబట్టి మొదటి మాట: జూమ్ బైనాక్యులర్ వద్దు. ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

మరి 8×42 మంచిదా, 10×42 మంచిదా? మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం ఎంతో తెలుస్తుంది. 42ని 8తో భాగిస్తే 5 మిల్లీమీటర్ల పైచిలుకు, 10తో భాగిస్తే 4.2. దుకాణంలోనే దీన్ని పరీక్షించుకోవచ్చు. బైనాక్యులర్‌ను మూరెడు దూరంలో పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, కన్ను పెట్టే అద్దాల్లోకి చూడండి. చిన్న తెల్లటి బిళ్ల కనిపిస్తుంది. అది గుండ్రంగా ఉండాలి. అంచులు కోసేసినట్టు పలకలుగా ఉంటే లోపలి గాజు నాసిరకం అన్నమాట. నా జూమ్ డబ్బాతో ఇదే పని చేసి చూశాను. 10 దగ్గర చింతగింజంత ఉన్న వెలుగు, 30కి వచ్చేసరికి ఆవగింజంత అయిపోయింది. చెట్ల గుబురులో గూడు చీకటిగా ఎందుకు కనిపించిందో అప్పుడర్థమయింది.

పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు కాబట్టి 10×42 కూడా చాలు. తేడా అంతా తెల్లవారుజామున, పొద్దు గూకేటప్పుడు. పక్షులు సందడిగా ఉండేదీ అప్పుడే. ఇక చేతి వణుకు సంగతి. పదిరెట్లు దగ్గరగా చూపేది వణుకునూ పదిరెట్లు చేస్తుంది. ఎనిమిది రెట్లదానిలో కిలోమీటరు దూరాన సుమారు 130 మీటర్ల వెడల్పు కనిపిస్తే, పదిలో 110 దాకా కనిపిస్తుంది. ఎగిరే పిట్టను పట్టుకోవాలంటే ఆ ఇరవై మీటర్లే కీలకం. నేలపట్టులో గూళ్లు కట్టకు మరీ దూరంగా ఉండవు. అక్కడికి, నెల్లూరు చెరువు కట్ట మీద సాయంత్రం నడకకు, 8×42కి మించింది లేదని నా అభిప్రాయం. చేయి స్థిరంగా ఉండే కుర్రాళ్లు 10 కొనుక్కుంటే కాదనను.

పులికాట్ కథ వేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. (2022లో జిల్లాలు విడదీశాక ఇదీ నేలపట్టూ తిరుపతి జిల్లాలోకి పోయాయి. కాయితాల్లోనే లెండి, మా నెల్లూరోళ్లకి ఇంకా మావే.) రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు, బురద మైదానాలు. ఫ్లెమింగోలు ఒక్కోసారి అరకిలోమీటరు, కిలోమీటరు దూరంలో లేత గులాబీ గీతలాగా ఉంటాయి. 8×42తో ఆ గీత కొంచెం లావవుతుంది, అంతే. అందులో పెద్ద ఫ్లెమింగోలు ఏవి, చిన్న జాతివి ఏవైనా కలిశాయా అన్నది ముక్కు చూసి చెప్పాలి. పెద్దదాని ముక్కు గులాబీగా ఉండి కొస మాత్రం నల్లగా ఉంటుంది. చిన్నదాని ముక్కు దాదాపు మొత్తం ముదురెరుపు. అంత దూరంలో ముక్కు రంగు తెలియాలంటే స్టాండు మీద పెట్టే స్పాటింగ్ స్కోపు ఉండాల్సిందే.

జూమ్ ఇక్కడ పనికొస్తుంది. స్కోపులో గొట్టం ఒక్కటే కాబట్టి రెండు బొమ్మల గొడవ లేదు. మామూలుగా దొరికేది 20-60×80. అంటే 20 దగ్గర వెలుగు వృత్తం 4 మిల్లీమీటర్లు, 60 దగ్గర 1.3. కనిపించే వెడల్పు కూడా కిలోమీటరు దూరాన 35 మీటర్ల నుంచి 17 మీటర్లకు పడిపోతుంది. 20లో పెట్టి గుంపును వెతకాలి, దొరికాక మెల్లగా పెంచుకుంటూ పోవాలి. నేరుగా 60లో పెట్టి వెతికితే కనిపించేది బురదే. పవర్ మారని 25, 30 రెట్ల కంటి అద్దం పెడితే బొమ్మ ఇంకా విశాలంగా, కాంతిగా ఉంటుంది, ఆ సుఖం నిజమే. కానీ ఒక్కటే కొనుక్కోగలిగినవాళ్లకు జూమే నయం. పొద్దున ఆరున్నరకు 45 దాకా వాడుకోవచ్చు, పది గంటలకు 20కి దిగిపోవచ్చు.

దిగాల్సిందే మరి. పులికాట్‌లో తొమ్మిది, పది దాటితే బురద వేడెక్కి గాలి అల్లాడడం మొదలవుతుంది. స్కోపులో ఫ్లెమింగో కాళ్లు పాము మెలికల్లా తిరుగుతాయి, ముక్కు కరిగిపోతున్నట్టుంటుంది. పవర్ పెంచితే పక్షితో పాటు ఎండమావీ పెరుగుతుంది. లక్ష రూపాయల గాజైనా ఆ గాలిలో గుండానే చూడాలి కదా. అప్పుడు చేయగలిగింది 20, 25కి తగ్గించడం, లేదంటే టీ తాగడానికి సూళ్లూరుపేట పోవడం.

మిలిటరీలో చేసి వచ్చి ఒంగోలులో స్థిరపడ్డ మా బావ ఒకసారి నాతో వచ్చాడు. నేను రింగును 60కి తిప్పుతుంటే నవ్వి, "ఏంది బావా, నంబరు చూసి కొన్నావా?" అన్నాడు. డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్ మీద వచ్చే స్కోపు నాలుగు రెట్లదేనని, దాని పవర్ మార్చే వీలు కూడా ఉండదని ఆయన చెబితే మొదట నమ్మలేదు. ఇప్పటి గురి పోటీల వాళ్లు 5-25 రెట్ల స్కోపులు పెట్టుకున్నా, ఎక్కువమంది మధ్యలోనే, పన్నెండు పదిహేను దగ్గరే ఉంచుతారట. కారణాలు కూడా మనవే: ఎండమావి, చూపు ఇరుకైపోవడం. ఇంతకీ ఈ తుపాకుల ప్రస్తావన మన పక్షులకు మరీ దూరపుదేం కాదు. కలివికోడి అనే అరుదైన పిట్టకు ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆ జెర్డాన్ 1840లలో నెల్లూరులోనే సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆ రోజుల్లో పిట్టను గుర్తుపట్టాలంటే కొట్టి, చేతిలోకి తీసుకుని, కొలవడమే పద్ధతి.

స్కోపు కొనేవాళ్లు స్టాండు ఖర్చు మర్చిపోతారు. సరస్సు మీద గాలికి పలచని స్టాండు చిగురుటాకులా ఊగుతుంది. 40 రెట్ల దగ్గర ఆ ఊపు భూకంపంలా ఉంటుంది. మధ్య గొట్టాన్ని పైకి లేపకుండా కాళ్లు మాత్రమే చాచి, కింద నీళ్ల సీసాల సంచి వేలాడదీస్తే చాలావరకు కుదురుకుంటుంది. కారులో నుంచి చూసేటట్టయితే గుడ్డ సంచిలో రెండు కిలోల బియ్యం పోసి, మూతి కుట్టి, కిటికీ అద్దం మీద పెట్టి దాని మీద స్కోపు ఆనించండి. మొలగొలుకులు అక్కర్లేదు, ఏ పాత బియ్యమైనా సరే. కన్ను పెట్టే చోటు వంగి ఉన్న రకం మేలా, తిన్నగా ఉన్నది మేలా అంటే, ఇంటిల్లిపాదీ చూసేటట్టయితే వంగిందే. స్టాండును పిల్లల ఎత్తుకు పెడితే పెద్దవాళ్లు కొంచెం వంగి చూసుకుంటారు. కారు కిటికీకి మాత్రం తిన్నగా ఉన్నదే హాయి.

సూపర్ జూమ్ కెమెరా సంగతేమిటని అడిగేవాళ్లుంటారు. నికాన్ పీ900 జూమ్ 83 రెట్లు, పీ1000ది 125 రెట్లు. ఇంటికొచ్చి పుస్తకంతో పోల్చుకోవడానికి ఫొటో ఉండటం గొప్ప వీలు. కానీ వాటి సెన్సర్ చిన్నది, తెల్లవారుజామున బొమ్మ నూకలు చల్లినట్టు వస్తుంది. పది గంటల ఎండమావి దానికీ తప్పదు. పైగా గంటసేపు చిన్న తెరలోకి చూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. ఫొటోల మీద మోజున్నవాళ్లకు అది, చూడాలన్న మోజున్నవాళ్లకు స్కోపు.

డబ్బులు ఒక్కదానికే ఉంటే నేనైతే ముందు 8×42 కొంటాను. ఏడాది తిరిగాక పులికాట్‌కు మళ్లీ మళ్లీ పోతున్నానని తేలితే అప్పుడు స్కోపు. రెండింటికీ లోపల నైట్రోజన్ నింపినదే తీసుకోవాలి. ఏసీ కారులోంచి ఉప్పుగాలిలోకి దిగితే అద్దాల మీద ఆవిరి పడుతుంది. బయట పట్టినది నిమిషంలో పోతుంది, లోపల పడితేనే చిక్కు. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడు తీయకుండానే బొమ్మ అంచుల దాకా కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. కంటికీ అద్దానికీ మధ్య 15 మిల్లీమీటర్లయినా ఎడం ఇచ్చే రకం కావాలి. ఇంకోటి, రోడ్డు చివర షార్ ఉంది. స్కోపును ఆ గేటు వైపు తిప్పి లేనిపోని టెన్షన్ తెచ్చుకోకండి, పక్షులన్నీ ఎలాగూ ఇవతలే ఉన్నాయి.

ఆ నల్ల డబ్బాను మా పక్కింటి అబ్బాయి ఇప్పటికి రెండుసార్లు అడిగాడు. 10 దగ్గరే ఉంచుతానంటే ఇస్తానన్నాను.