పేలాక కూడా జింక కనిపించాలి: 7 ఎం.ఎం.-08తో ఇన్నేళ్ల నా అనుభవం

ట్రిగ్గర్ నొక్కిన తర్వాత కూడా జింక స్కోప్‌లోనే ఉండాలి. క్యాలిబర్ ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే. 7 ఎం.ఎం.-08 రెమింగ్టన్ అనే రైఫిల్ క్యాలిబర్‌ని ఇన్నేళ్లుగా వదలకపోవడానికి కారణం కూడా ఇదే. తూటా వేగమెంత, 400 గజాల దగ్గర ఎంత కిందికి దిగుతుంది అన్న లెక్కలు పెట్టె మీదే ఉంటాయి, ఫోన్లోనూ దొరుకుతాయి. వాటి జోలికి పోను.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ సమీక్షలో సగం దాని మీదే ఆధారపడి ఉంది. డాలస్ శివార్లలో ఉంటాం. వేటంతా లానో వైపు హిల్ కంట్రీలో, ఏడాదికి ఇంతని కట్టి తీసుకున్న లీజు భూమిలో. టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే కాబట్టి ఇక్కడ చాలామందికి ఇదే దారి. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. నలభై దాటాక కుడివైపు ఫ్రోజెన్ షోల్డర్ వచ్చి, చాలా నెలలు జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. ఇప్పుడు తగ్గింది గానీ, గట్టి దెబ్బ తగిలితే రెండు రోజులు సలుపుతుంది.

కొత్తగా ఇటు వస్తున్న మనవాళ్లకి ఒక మాట. హెచ్1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే అందులో మినహాయింపు ఉంది. మేం మాత్రం గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాం. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట అనేదే నేరం కాబట్టి, మా ఇంటివాళ్లకి ఇదంతా ఇప్పటికీ మింగుడుపడదు. ఇక్కడ యాభై లక్షలకు పైగా వైట్‌టెయిల్ జింకలున్నాయని, హిల్ కంట్రీలో వాటికే మేత చాలని పరిస్థితి అని అమ్మకి ఎన్నిసార్లు చెప్పానో.

నేను నేర్చుకున్నది మా ఆయన .30-06 క్యాలిబర్ రైఫిల్‌తో. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 180 గ్రెయిన్ల (తూటా బరువుకి వాడే కొలత) తూటా కాలిస్తే రీకాయిల్, అంటే తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ, సుమారు 20 ఫుట్‌పౌండ్లు (ఆ దెబ్బ శక్తికి కొలత). ఆయనకి అది లెక్కే కాదు. నాకు మూడో తూటాకే కన్ను ముందుగా మూసుకుపోయేది. మా బావగారు ఒకసారి రేంజ్‌లో నాకు చెప్పకుండా అసలు తూటాల మధ్య ఒక డమ్మీ పెట్టారు. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్‌మంది, పేలలేదు, కానీ రైఫిల్ మూతి మాత్రం ఇంత కిందికి వంగింది. "చూశావామ్మా? తుపాకీ తన్నకముందే నువ్వే దాన్ని నొక్కేస్తున్నావు" అన్నారు. భయమంటూ ఏమీ లేదు, దెబ్బ వస్తోందని ఒంటికి తెలిసిపోయి అదే ముందు కదులుతోంది. ఎంత ప్రాక్టీసు చేసినా .30-06తో అది నన్ను వదల్లేదు.

.243 విన్చెస్టర్ చూడమని చాలామంది చెప్పారు. రీకాయిల్ 9 ఫుట్‌పౌండ్ల దగ్గర, కాల్చడానికి హాయిగా ఉంటుంది. పక్కకి తిరిగి నిలబడ్డ జింకకి 100 గ్రెయిన్ల తూటా నిక్షేపంగా సరిపోతుంది. కాస్త ఏటవాలుగా నిలబడి, భుజం ఎముక దాటి ఊపిరితిత్తుల్లోకి వెళ్లాల్సి వస్తే నా మనసు ఒప్పుకోలేదు, అంతే. .308 అనే ఇంకో క్యాలిబర్ తూటా ఇత్తడి గొట్టాన్నే (కేస్) మూతి దగ్గర సన్నం చేసి రెమింగ్టన్ 1980లో తెచ్చిన 7 ఎం.ఎం.-08 ఆ రెండిటికీ మధ్యన ఉంది. 140 గ్రెయిన్ల తూటా, ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 12, 13 ఫుట్‌పౌండ్లు. మూడు, నాలుగు పెట్టెలు కాల్చాక నా కన్ను మూసుకోవడం మానేసింది. అది కూడా ఒకేరోజు జరగలేదు. మొదట్లో చెవులకి లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకునేదాన్ని. ఒంటిని అదరగొట్టేది సగం చప్పుడే.

నన్ను పూర్తిగా ఒప్పించింది ఒక నవంబరు సాయంత్రం. మంచెలా కాళ్ల మీద నిలబెట్టిన చెక్క బ్లైండ్‌లో ఇద్దరం కూర్చున్నాం. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్చడానికి అనుమతి, అందులో ఇంకా కాసేపే మిగిలింది. ఫీడర్ దగ్గర రెండు ఆడ జింకలు మొక్కజొన్న గింజలు ఏరుకుంటున్నాయి. పెద్ద మగ జింక మాత్రం వాటికి అవతల సీడర్ చెట్ల అంచున, 130 గజాల దగ్గర, కొద్దిగా అటు తిరిగి నిలబడింది. క్రాస్‌హెయిర్ ముందు కాలి వెనక నిలిపి, సగం ఊపిరి వదిలి నొక్కాను.

రైఫిల్ భుజాన్ని తోసింది, కానీ జింక అద్దంలోంచి పోలేదు. వీపు పైకి వంచి వెనక కాళ్లతో గాల్లోకి తన్నింది. దిగేటప్పుడు అవతలి ముందు కాలు సరిగా ఆనలేదు. రెండు దూకుల్లో ఎడమకి తిరిగి, జంట సీడర్ల మధ్య నాగజెముడు గుబురు పక్కనుంచి లోపలికి వెళ్లిపోయింది. ఇదంతా రెండు సెకన్లు కూడా ఉండదు. బోల్టు లాగి రెండో తూటా ఎక్కించేసరికి ఖాళీ గడ్డి తప్ప ఏమీ లేదు.

మా ఆయన పక్కన మామూలు కళ్లతో చూస్తున్నారు. "తగల్లేదనుకుంటా. క్రీకులోకి దిగిపోయింది, రాళ్ల మీద గిట్టల చప్పుడు విన్నాను" అన్నారు.

"లేదండీ, తగిలింది. ఎడమకి తిరిగింది. క్రీకులోకి దిగినవి ఆ ఆడ జింకలు" అన్నాను.

అరగంట ఆగి, టార్చిలు తీసుకుని దిగాం. అది నిలబడ్డ చోట కత్తిరించినట్టు పడిన గోధుమరంగు వెంట్రుకలు కాసిని కనిపించాయి. రక్తం చుక్క లేదు. నలభై అడుగులు వేసినా లేదు. మా ఆయన అప్పటికే క్రీకు వైపు టార్చి తిప్పారు. అనుభవం ఉన్న మనిషి, చెవులతో విన్నది ఆయనకి అంత నమ్మకంగా ఉంది. నేను చూసిన జంట సీడర్ల దగ్గరికే వెళ్దామని పట్టుబట్టాను. నాగజెముడు దాటాక ఒక అగరీటా పొద ఉంది. ఆకులు గట్టిగా, అంచుల్లో ముళ్లతో ఉంటాయి. ఆ ముళ్ల ఆకు మీద మోకాలి ఎత్తున లేత ఎరుపు నురగ, టార్చి వెలుగులో ఇంకా తడిగా ఉంది. నురగ వచ్చిందంటే ఊపిరితిత్తులు. అక్కడినుంచి ముప్ఫై అడుగుల్లోపే, సీడర్ కింది కొమ్మల్లోకి దూరి పడి ఉంది జింక. తూటా ఛాతీలో కాస్త పైకి తగలడంతో రక్తం చాలాసేపు లోపలే నిలిచిపోయింది.

ఆ రాత్రి చలి పెద్దగా లేదు. క్రీకు వెంట ఒక గంట వెతికి, పొద్దున్నే చూద్దామని వెళ్లిపోయి ఉంటే, మాంసం పాడైపోయేది, లేదా కొయోటీలు మిగల్చకపోయేవి. చంపిన జంతువుని దొరకబుచ్చుకుని ఇంటికి తెచ్చుకోవడం వేటలో అన్నిటికన్నా పెద్ద బాధ్యత అని నేను నమ్ముతాను. జింకకి కట్టాల్సిన లైసెన్స్ ట్యాగ్ మీద నెల, తేదీ కత్తిమొనతో కోస్తుంటే మా ఆయన "అంతా స్కోప్‌లోనే చూశావా నిజంగా?" అని మళ్లీ అడిగారు. .30-06తో ఆయనకి పేలిన తర్వాత మళ్లీ కనిపించేది జింక నిలబడ్డ చోటు మాత్రమే.

అప్పట్లో తెలిసినవాళ్లందరికీ ఈ క్యాలిబర్ గురించి తెగ చెప్పాను. ఆ పొగడ్తని ఇప్పుడు కొంచెం సవరించాలి.

ఆ సాయంత్రం ఘనత అంతా క్యాలిబర్‌ది కాదు. నా స్కోప్ 3 నుంచి 9 రెట్ల దాకా పెద్దగా చూపిస్తుంది, ఆ రోజు 4 మీద ఉంది. 3 దగ్గర పెడితే 100 గజాల్లో ముప్ఫై అడుగులకు పైగా వెడల్పు కనిపిస్తుంది, 9 దగ్గర పది, పధ్నాలుగు అడుగులే. తర్వాతి సీజన్లో 9 మీద పెట్టి ఒక ఆడ జింకని కాల్చి చూశాను. అదే రైఫిల్, అదే తూటా, జింక ఎటు పోయిందో అర్థం కాలేదు. అది ఉన్నచోటే పడిపోయింది కాబట్టి సరిపోయింది.

రైఫిల్ బరువు సంగతీ అంతే. మా అబ్బాయి కోసం అదే క్యాలిబర్‌లో చిన్న రైఫిల్ తీసుకున్నాం, స్కోప్‌తో కలిపి ఆరున్నర పౌండ్లు. పిల్లాడి చేతికి చక్కగా కుదిరింది. కానీ తూటా అదే అయినప్పుడు రైఫిల్ తేలికయ్యేకొద్దీ దెబ్బ పెరుగుతుంది. ఇందులో 15 ఫుట్‌పౌండ్లు దాటుతుంది, అంటే కాస్త బరువైన .308 ఇచ్చే దెబ్బకి దాదాపు సమానం. పైగా పొట్టి బ్యారెల్ కాబట్టి చప్పుడు ఇంకా పదునుగా ఉంటుంది. వాడికి తక్కువ రీకాయిల్ ఉండే 120 గ్రెయిన్ల లోడ్లతో మొదలుపెట్టించాం. "అమ్మా, నీ రైఫిలే ఇవ్వు, ఇది తంతోంది" అని వాడే అడిగాడు. 7 ఎం.ఎం.-08 మెత్తన అని ఎవరైనా అంటే, ఎంత బరువున్న రైఫిల్‌లో అని అడగండి.

నాకు నిజంగా కోపం తెప్పించేది తూటాలు దొరక్కపోవడం. కరోనా సమయంలో తూటాల కరువు వచ్చినప్పుడు అన్ని క్యాలిబర్లకీ కష్టమే, ఒప్పుకుంటాను. కానీ మా వైపు కొట్లలో 6.5 క్రీడ్‌మూర్, .308 క్యాలిబర్ల తూటాలు ముందుగా అరల్లోకి తిరిగొచ్చాయి. నాది చాలా నెలలు కనపడనే లేదు. ఎప్పుడూ వాడే 140 గ్రెయిన్ల పెట్టె అయిపోయి, ఇంకో కంపెనీది అదే బరువున్నది దొరికితే తెచ్చుకున్నాను. 100 గజాల దగ్గర పాత గురికి మూడంగుళాలు కిందికి, కొంచెం ఎడమకి పడింది. తూటా మారితే పడే చోటు మారడం ఏ క్యాలిబర్‌లోనైనా మామూలే, సరిచేసుకున్నాను. అసలే దొరకని తూటాల్లో ఒక పెట్టె దానికే ఖర్చవడం మాత్రం మింగుడుపడలేదు. అప్పటినుంచి కుదిరిన లోడ్ కనిపిస్తే రెండు మూడు పెట్టెలు ఎక్కువే కొని పెట్టుకుంటున్నాను.

క్రీడ్‌మూర్‌తో పోల్చి చెప్పమని తరచూ అడుగుతుంటారు. మా మరిది రైఫిల్‌తో కాల్చాను. భుజానికి రెండిటి మధ్య తేడా దాదాపు తెలియలేదు, స్కోప్‌లో జింక అందులోనూ అలాగే నిలిచింది. నేను 7 ఎం.ఎం.-08 కొన్న రోజున కొట్లో నా చేతికి సరిపోయే పొడవున్న సెకండ్‌హ్యాండ్ రైఫిల్ ఆ క్యాలిబర్‌లో ఉంది, అంతకుమించిన కారణం లేదు. ఇవాళ మొదటిసారి కొనుక్కుంటుంటే తూటాలు సులువుగా దొరుకుతాయని బహుశా క్రీడ్‌మూర్ వైపే మొగ్గేదాన్నేమో. 150 గజాల లోపు హిల్ కంట్రీ జింకలకి రెండూ చాలినంత పనిచేస్తాయి. ఇక్కడి జింకలు ఉత్తరాది రాష్ట్రాల జింకలంత పెద్దవీ కావు. ఎల్క్ అనే భారీ జింకల వేటకి కొలరాడో వెళ్లాలనుకునేవాళ్లు నా మాట మీద ఆధారపడకండి, నేనెప్పుడూ వెళ్లలేదు.

భుజం బాగున్నవాళ్లు, ఇంట్లో ఇప్పటికే .308 ఉన్నవాళ్లు కొత్త క్యాలిబర్ కొనే ముందు సప్రెసర్ (బ్యారెల్ మూతికి బిగించే చప్పుడు తగ్గించే గొట్టం) సంగతి చూడండి. టెక్సస్‌లో వేటకి అది చట్టబద్ధమే. చప్పుడుతో పాటు రీకాయిల్ కూడా తగ్గిస్తుంది. మజిల్ బ్రేక్ (పేలుడు వాయువుని పక్కలకి వదిలి రీకాయిల్ తగ్గించే మూతి బిగింపు) మాత్రం బ్లైండ్‌లో వద్దు, పక్కన కూర్చున్నవాళ్ల చెవులు పోతాయి. మా ఆయన వచ్చే సీజన్‌కి తన .30-06కి సప్రెసర్ బిగిస్తానంటున్నారు. బిగించాక దాన్ని కూడా 4 మీద స్కోప్ పెట్టి నేనే కాల్చి చూడాలి. అప్పటికీ జింక అద్దంలోనే ఉంటే, 7 ఎం.ఎం.-08 గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నాకు మిగిలే కారణం నా కుడి భుజమే.