స్రిక్సన్ జెడ్‌ఎక్స్7 ఐరన్లు: బెంగళూరు నేల మీద చాలాకాలం వాడాక

ఇది గోల్ఫ్ ఐరన్ల (బంతిని కొట్టే లోహపు తల క్లబ్బుల) సెట్, దూరం కోసం అయితే కొనకండి. దీని 7 ఐరన్ లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలే కోణం, తక్కువైతే బంతి దూరం పోతుంది) 32 డిగ్రీలు. షోరూంలో పక్కనే ఉండే, తప్పు దెబ్బను భరించేలా చేసిన గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్లలో 7 అని రాసి ఉన్నది 28, 29 డిగ్రీలకు దిగిపోయి ఉంటుంది. ఆ రెంటినీ సిమ్యులేటర్ తెర మీద పోల్చి ఇది పది గజాలు తక్కువ కొడుతోందని తీసిపారేస్తే, 7కీ 6కీ పందెం పెట్టినట్టే. హ్యాండిక్యాప్ (ఆట స్థాయి అంకె, తక్కువైతే మెరుగు) 10 లోపు ఉండి, బంతిని తరచుగా ముఖం నడిమికి తేగలిగినవాళ్ళకే ఇవి. 15 దాటినవాళ్ళకు ఇదే వరుసలోని జెడ్‌ఎక్స్5 నయం. దాని 7 ఐరన్ 31 డిగ్రీలే, పైగా తప్పు దెబ్బను ఎక్కువ భరిస్తుంది.

ఈ సెట్‌లో డబ్బు విలువ చేసేది సోల్, అంటే తల అడుగు భాగం. ముందు అంచు వైపు బౌన్స్ (నేలలో దిగబడకుండా అడుగుకు ఇచ్చే వాలు) ఎక్కువగా, వెనక వైపు తక్కువగా ఉండి, రెండూ కలిసే చోట వి ఆకారం కనిపిస్తుంది. మడమ (కర్ర వైపు కొస), టో (అవతలి కొస) దగ్గర కొంచెం లోహం తీసి గాట్లు పెట్టారు. బెంగళూరులో ఒకే కోర్సు ఆగస్టులో ఒకలా, ఏప్రిల్‌లో మరోలా ఉంటుంది. వానకు మెత్తబడ్డ ఫెయిర్‌వేలో (గడ్డి పొట్టిగా కోసిన ఆట దారిలో) సన్నటి సోల్ ఉన్న బ్లేడ్ రకం ఐరన్ నేలలోకి దిగబడి అక్కడే ఆగిపోతుంది, బంతి సగం దారిలో పడుతుంది. దీని ముందు అంచు అంత లోతుకు పోనివ్వదు, వెనక భాగం త్వరగా బయటికొస్తుంది. బంతి కంటే ఒక పావు అంగుళం వెనక తగిలినా షాట్ బతుకుతుంది. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు పక్కన కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సులో నీళ్ళ మీదుగా గ్రీన్‌కి (గుంత ఉండే నున్నటి గడ్డికి) కొట్టేటప్పుడు ఆ పావు అంగుళం విలువ తెలుస్తుంది. ఎండాకాలం ఎర్రనేల గట్టిపడ్డాక మాత్రం ఒక షరతు ఉంది. పైనుంచి కిందికి దిగేలా కొట్టేవాళ్ళకు ఇబ్బంది లేదు. డివట్ (క్లబ్ తెంచే గడ్డి పెళ్ళ) తీయకుండా ఊడ్చినట్టు కొట్టేవాళ్ళకు ముందు బౌన్స్ నేలకు తగిలి ఎగిరి, ముఖం కింది గ్రూవ్ (ముఖం మీది గాడి) బంతి నడుముకు తగులుతుంది. మీ డివట్లు పలచగా ఉంటే కొనేముందు మ్యాట్ మీద కాకుండా గడ్డి మీదే కొట్టి చూడాలి. మ్యాట్ అన్ని తప్పులనూ దాచేస్తుంది.

తల 1020 కార్బన్ స్టీల్‌తో ఫోర్జ్ చేసింది (కాల్చి, నొక్కి మలిచింది). బంతి తగిలే చోటు వెనక లోహం మందంగా వదిలారు. నడిమికి తగిలితే చేతికి దాదాపు ఏమీ తెలియదు. టో వైపు తగిలితే వెంటనే తెలుస్తుంది, అప్పుడు దూరం తగ్గుతుంది కానీ దిశ పెద్దగా చెడదు. మడమ వైపు దెబ్బకు మాత్రం ఇది దయ చూపదు.

లాఫ్ట్‌లు 4 నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బల క్లబ్) దాకా 22, 25, 28, 32, 36, 41, 46. పైన మూడేసి డిగ్రీల తేడా, కింద అయిదేసి. ఈ వరుసే కొందరికి చిక్కు. స్వింగ్ వేగం తక్కువైతే 22 డిగ్రీల 4 ఐరన్ తగినంత ఎత్తు లేవదు. 4, 5 దాదాపు ఒకే చోట పడతాయి, 4 కాస్త దొర్లుతుంది, అంతే. వాళ్ళు 5 నుంచి తీసుకుని పైన హైబ్రిడ్ (బంతిని తేలిగ్గా లేపే క్లబ్) పెట్టుకోవాలి. కింద 46 తర్వాత 50 లేదా 51, ఆ పైన 55, 59 చక్కగా కుదురుతాయి. పాత సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 43 ఉన్నవాళ్ళు పాత 48నే ఉంచుకుంటే ఒక వెడ్జ్ దండగ.

దూరాల పట్టీ ఒక ఊరిది ఇంకో ఊరికి పనికిరాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన. ఆ ఎత్తుకు 3 శాతం లెక్క వేసుకోవచ్చు. ఇక్కడ 155 గజాలు పోయే 7 ఐరన్ చెన్నైలో 150 దగ్గర ఆగుతుంది. చెన్నై తేమ గాలి బరువని బంతి ఆగుతుందనేది మాత్రం ఉత్తమాట, తేమ గాలి పొడిగాలి కంటే కాస్త తేలికే.

స్టాక్ షాఫ్ట్ (సెట్‌తో వచ్చే కర్ర) నిప్పన్ మోడస్3 టూర్ 120. పేరులో 120 ఉన్నా స్టిఫ్ (గట్టి రకం) బరువు 114 గ్రాములే, 130 గ్రాముల డైనమిక్ గోల్డ్ ఎస్300 షాఫ్ట్‌కి అలవాటైన చేతికి తేలిక. నడుమ కాస్త మెత్తన. టెంపో నిదానమైతే బాగా కుదురుతుంది, పైనుంచి గుంజి కొట్టేవాళ్ళకు బంతి ఎడమకు తిరుగుతుంది. అలాంటివాళ్ళు తల బాగున్నా షాఫ్ట్ మార్చుకోవాల్సిందే.

లై యాంగిల్ (నేల మీద పెట్టినప్పుడు కర్ర వాలే కోణం) చూసుకోకుండా ఏ ఐరన్ మీదా తీర్పు చెప్పకూడదు. తుడిస్తే పోయే మార్కర్‌తో బంతి మీద నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ ముఖానికి ఎదురుగా ఉండేలా పెట్టి కొట్టండి. ముఖం మీద పడిన అచ్చు గ్రూవ్‌లకు లంబంగా ఉంటే సరే. పై కొస మడమ వైపు వాలితే లై మరీ ఫ్లాట్ (కర్ర ఎక్కువ వాలింది), కుడిచేతివాళ్ళకు బంతి కుడికి పోతుంటుంది. టో వైపు వాలితే మరీ అప్‌రైట్ (ఎక్కువ నిటారు), ఎడమకు పోతుంది. మెత్తటి స్టీల్ కాబట్టి రెండు డిగ్రీల దాకా వంచడానికి భయం లేదు. అదే మెత్తదనం వల్ల కాంక్రీటు మీద పరిచిన మ్యాట్‌లపై రోజూ కొడితే లాఫ్ట్‌లు మెల్లగా జరుగుతాయి. ఏడాదికోసారి గేజ్‌లో (కోణాలు కొలిచే పరికరంలో) పెట్టించాలి. లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్ కూడా ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుంచుకోండి, లేదంటే ఇంత మంచి సోల్ కొని చేజేతులా పాడుచేసుకున్నట్టే.

ఎర్రమట్టిలోని సన్న ఇసుక క్రోమ్‌ను గీస్తుంది. 8 నుంచి కిందివాటి సోల్ ముందు మెరుపు పోతుంది, ఆటకు నష్టం లేదు. గ్రూవ్‌లు నైలాన్ బ్రష్, గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. ఇనుప బ్రష్ వద్దు. గ్రూవ్ పదునుపెట్టే పనిముట్ల జోలికి అసలే పోవద్దు: 25 డిగ్రీలు, ఆ పైన లాఫ్ట్ ఉన్న క్లబ్బులకు గ్రూవ్ అంచు ఎంత పదునుండాలో 2010 నుంచి నియమం ఉంది, ఇంట్లో గీకితే అది దాటిపోతుంది. వాన రోజున తడి రఫ్‌లోంచి (ఎత్తు గడ్డిలోంచి) కొడితే కొత్త గ్రూవ్ అయినా స్పిన్ తగ్గి బంతి అనుకున్నదానికంటే ముందుకు పోతుంది. కేడీ (క్లబ్బులు మోసే సహాయకుడు) "సార్, 9 ఐరన్ చాలు" అంటే వినడం మంచిది.

దీని తర్వాతి మోడళ్ళు, 2023లో మార్క్ 2, 2025లో జెడ్‌ఎక్స్‌ఐ7 వచ్చాయి కాబట్టి ఇవి ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. కొనేటప్పుడు ఫెర్రూల్ (తల, షాఫ్ట్ కలిసేచోట ఉండే ప్లాస్టిక్ కట్టు) చూడండి. తలకూ దానికీ మధ్య సన్న సందు ఉంటే క్లబ్బులు ఎండలో కారు డిక్కీలో ఉండి ఎపాక్సీ జిగురు సడలి ఉండొచ్చు. 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్ గ్రూవ్‌లలో గోరు తగులుకుంటోందో లేదో చూడండి. ఏడు క్లబ్బులనూ ఒకసారి గేజ్‌లో పెట్టించి, పైన చెప్పిన లాఫ్ట్‌ల నుంచి రెండు డిగ్రీలకు మించి జరిగినవి రెండు మూడు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయండి.