అసెట్టో కోర్సా కాంపిటీజియోనె: సెటప్ పేజీలో ఏది ముట్టుకోవాలి, ఏది వదిలేయాలి

ఈ గేమ్‌లో కారు నడపడం ఒక ఎత్తు, రేసుకు ముందు కారును సర్దుకోవడం ఒక ఎత్తు. 2019లో వచ్చిన ఈ ఇటాలియన్ గేమ్‌ను బరంపురంలో నేను, ఇచ్ఛాపురంలో మా బావ ఏళ్ల తరబడి ఆడుతున్నాం. ఇద్దరిదీ మామూలు పీసీ, లాజిటెక్ జీ29 స్టీరింగ్. ఇంత వాడాక చెబుతున్నాను, సెటప్ పేజీలో సగానికి పైగా మీటల జోలికి వెళ్లనక్కర్లేదు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది టైర్లలో గాలి. పొడి ట్రాక్ మీద టైర్లు వేడెక్కాక 26, 27 పీఎస్ఐ మధ్య ఉండాలి. యూట్యూబ్‌లో ఇప్పటికీ 27.5 అని చెప్పే వీడియోలు బోలెడు. అవి 2023లో 1.9 అప్‌డేట్ రాకముందువి. ఆ అప్‌డేట్‌తో టైర్ల తీరే మారిపోయింది. వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే ప్రెషర్ సుమారు 0.1 పీఎస్ఐ పెరుగుతుంది. అందుకే మధ్యాహ్నం ప్రాక్టీసులో కుదిరిన లెక్క సాయంత్రం రేసులో తప్పుతుంది. ఇదంతా గేమ్‌లోని ఎండ సంగతి. మే నెలలో మా మేడ గది వేడికీ దీనికీ సంబంధం లేదు, బావ నిజంగానే అడిగాడు. వాన టైర్లకైతే 30 ప్రాంతంలో పెట్టుకోవాలి. మా ఊళ్లో వానకు మాత్రం ఇన్వర్టర్ కావాలి.

తర్వాత బ్రేక్ బయాస్, అంటే బ్రేక్ బలం ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అన్న పంపకం. ఇటలీలోని మోంజా ట్రాక్‌లో మొదటి షికేన్ (వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే ఇరుకు మలుపులు) దగ్గర దీని సంగతి బాగా తెలుస్తుంది. బయాస్ ముందుకు ఎక్కువ పెడితే కారు తిన్నగా ఆగుతుంది కానీ ముక్కు తిరగదు. వెనక్కి లాగితే ముక్కు చక్కగా తిరుగుతుంది, తోకే నిలవదు. స్టీరింగ్ మీద ఒక బటన్‌కి పెట్టుకుంటే రేసు మధ్యలోనే ఒక్కో మెట్టు మార్చుకోవచ్చు. ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు జారకుండా చూసేది), ఏబీఎస్ కూడా అంతే. ఒక కారు లెక్క ఇంకో కారుకు పనికిరాదు. పోర్షే 911కి ఇంజిన్ వెనక చక్రాల అవతల ఉంటుంది మరి.

గాలితో కారును నేలకు అదిమే వెనక వింగ్ తగ్గిస్తే స్ట్రెయిట్‌లో దూసుకుపోతాం, మోంజాలోని లెస్మో మలుపుల్లో గుండె జారుతుంది. నాకైతే ఒక మెట్టు ఎక్కువే ఇష్టం.

డ్యాంపర్ల (కుదుపుల్ని అదుపు చేసే షాక్ అబ్జార్బర్ల) పేజీ మీదే నా కోపమంతా. బంప్, ఫాస్ట్ బంప్, రీబౌండ్... ఏది తిప్పితే ఏమవుతుందో గేమ్ సరిగా నేర్పదు. కొత్త కుర్రాణ్ని మెకానిక్ షెడ్డులో వదిలి బయట గొళ్లెం పెట్టినట్టు ఉంటుంది.

పీసీలో సెటప్ ఒక చిన్న ఫైల్, వాట్సాప్‌లో పంపుకోవచ్చు. కన్సోల్ వాళ్లకు ఆ సుఖం లేదు. "నీ స్పా ఫైల్ పంపరా" అంటాడు బావ, బెల్జియంలోని ట్రాక్ అది. పంపితే, "ఇదేంట్రా, రెడియాన్ దగ్గర తిరిగిపోతోంది" అని ఫోన్, రెడియాన్ అంటే అక్కడి ఎత్తెక్కే మలుపు. నేను బ్రేక్ మెల్లగా వదులుతాను బావా, మీరు ఒక్కసారిగా వదిలేస్తారు, ఆ ఫైల్ మీ కాలికి కుదరదు అంటే వినడు.

కొత్తగా కొనేవాళ్లు గేమ్‌లో రెడీగా ఉండే సెటప్‌లలో 'సేఫ్' కాకుండా 'అగ్రెసివ్' తీసుకుని, వింగ్, ట్రాక్షన్ కంట్రోల్ చెరో మెట్టు పెంచుకుంటే చాలా కాలం నడిచిపోతుంది. పెట్రోల్ మాత్రం లాప్‌కి ఎంత తాగుతోందో ప్రాక్టీసులో చూసి, ఒక లాప్‌కి అదనంగా పోసుకోండి. 20 నిమిషాల రేసుకు ట్యాంకు నిండా మోసుకెళ్లేవాళ్లు ప్రతి సర్వర్‌లోనూ కనిపిస్తూనే ఉంటారు.