గుండె వేగం తగ్గితే చెప్పే వాచీ: యాపిల్ వాచ్ ఎస్‌ఈ, మా ఇంటి అనుభవం

బాపు (మా నాన్న) కోసం వాచీ వెతికినప్పుడు నేను చూసుకున్నది ఒక్కటే: గుండె వేగం బాగా తగ్గితే చెబుతుందా, లేదా. రెండో తరం యాపిల్ వాచ్ ఎస్‌ఈ తీసుకున్నాం. 2022లో మన దగ్గరికి వచ్చినప్పుడు దీని ధర రూ.29,900. ఐఫోన్ లేకపోతే దీంతో పని కాదు. మాకైతే తమ్ముడు వాడి పక్కన పెట్టిన ఫోన్ ఉంది. లేనివాళ్లు ఆ ఖర్చు కూడా లెక్కేసుకోవాలి.

నేను హనుమకొండలో స్టాఫ్ నర్సుని. ఐసీయూలో మానిటర్ మీద గుండె వేగం నిమిషానికి 44 అని కనబడితే మంచం దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఇంట్లో ఈ వాచీ పెట్టాక అలాంటి అంకెలే తమ్ముడి చేతి మీదా, బాపు చేతి మీదా చూశాను. తమ్ముడి విషయంలో నిశ్చింతగా ఉన్నాను. బాపును మాత్రం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు అలర్టు సంగతి. ఫోన్‌లోని వాచ్ యాప్‌లో హార్ట్ అనే చోట 40, 45, 50లలో ఒకటి ఎంచుకోవచ్చు. మనం మార్చకపోతే 40 మీదే ఉంటుంది. మనిషి కదలకుండా ఉన్నప్పుడు వేగం పది నిమిషాల పాటు ఆ అంకెకు దిగువనే ఉంటే మణికట్టు మీద తట్టి చెబుతుంది. క్షణంసేపు తగ్గి మళ్లీ పెరిగితే ఏమీ అనదు. ఇది నాకు బాగా నచ్చింది. ఊరికే మోగే వాచీని పెద్దవాళ్లు నాలుగు రోజుల్లో తీసి బీరువాలో పెడతారు. బాపుకు నేను 45 పెట్టాను.

తమ్ముడు కానిస్టేబుల్ సెలక్షన్‌కి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తాడు. పొద్దున లేవకముందు వాడి గుండె వేగం 46, 48. నిద్రలో ఇంకా తక్కువ. పరుగుకు అలవాటుపడిన గుండె ఒక్కసారి కొట్టుకుంటేనే ఎక్కువ రక్తం పంపుతుంది, కాబట్టి విశ్రాంతిలో అన్నిసార్లు కొట్టుకోనక్కర్లేదు. "కండ్లు తిరుగుడు, ఆయాసం ఏమన్న ఉన్నదారా?" అని అడిగితే, "ఏం లేదక్కా, ఇయ్యాల రెండు రౌండ్లు ఎక్కువనే కొట్టిన" అన్నాడు. నాకు కావలసిన జవాబు అదే. పుస్తకాల్లో 60 నుంచి 100 మామూలు అని ఉంటుంది గానీ, అమెరికా హృద్రోగ వైద్య సంఘాలు 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు 50కి తగ్గితేనే నెమ్మది అంటాయి. 54, 56 చూసి భయపడి రాత్రంతా వాచీ వంకే చూసేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

బాపుకు 68 ఏళ్లు. ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. పరుగు లేదు, కసరత్తు లేదు. మధ్యాహ్నం మెలకువగా కూర్చుని పేపర్ చదువుతుంటే అలర్టు వచ్చింది: 43. కుర్చీలోంచి లేస్తే "కండ్లు తిరుగుతున్నయి బిడ్డా" అంటున్నారు. వెంటనే నాడి పట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టాను. 44. వాచీ చెప్పింది నిజమే.

ఈ లెక్కపెట్టడం దగ్గర కొంచెం ఆగాలి. వాచీ వెలుగు వేసి, చర్మం కింద రక్తం పారే తీరును బట్టి లెక్క కడుతుంది. పట్టీ వదులైనా, చెయ్యి చల్లబడినా తప్పు రావచ్చు. కొందరికి మధ్యమధ్యలో తొందరపడి కొట్టుకునే బలహీనమైన గుండె చప్పుళ్లు ఉంటాయి. అవి మణికట్టు దాకా అందవు. అప్పుడు వాచీ 40 చూపిస్తుంటే ఈసీజీలో 80 ఉండొచ్చు. నాడి పట్టి చూసినా అదే తప్పు రావచ్చు కాబట్టి తేల్చేది ఈసీజీయే. అది ఎస్‌ఈలో లేదు. ఉన్న ఖరీదైన మోడళ్లలో కూడా వేగం 50కి తగ్గితే ఈసీజీ యాప్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉందో లేదో చెప్పదు, వేగం తక్కువ అని మాత్రమే చూపిస్తుంది. కేవలం ఈ పనికోసమైతే ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఆసుపత్రిలో 12 లీడ్ల ఈసీజీ తీశారు. గుండె లయ సరిగానే ఉంది, వేగమే తక్కువ. థైరాయిడ్, పొటాషియం మామూలుగా వచ్చాయి. 24 గంటలు ఒంటికి తగిలించి గుండె లయను రికార్డు చేసే హోల్టర్‌లో బ్లాక్ (గుండెను కొట్టించే విద్యుత్ సంకేతానికి అడ్డంకి) లేదు, పెద్ద విరామాలూ లేవు. డాక్టర్ గారు మందులన్నీ బల్లమీద పెట్టమన్నారు. బీపీకి మెటోప్రొలాల్ అని అందరికీ తెలుసు. నీటికాసులకు కంట్లో వేసే చుక్కలు టిమోలాల్. చుక్కల్ని మందుల లెక్కలో మన ఇళ్లలో ఎవరు చెబుతారు? బీపీ చీటీ ఒక డాక్టర్‌ది, కంటి చీటీ ఇంకొకరిది. రెండూ గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లే. టిమోలాల్ కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి, అక్కణ్నుంచి రక్తంలో కలుస్తుంది, గుండెను నెమ్మది చేస్తుంది. కంటి డాక్టర్‌తో మాట్లాడి వేరే రకం చుక్కలు రాయించారు. మా అంతట మేము ఏదీ ఆపలేదు. మెటోప్రొలాల్ ఉన్నట్టుండి మానేస్తే గుండెకే ప్రమాదం, చుక్కలు మానేస్తే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది.

వాచీ గొప్పగా పనికొచ్చింది ఇక్కడే. హెల్త్ యాప్‌లో చుక్కలు మార్చకముందు వారం, మార్చాక వారం పక్కపక్కన చూపిస్తే డాక్టర్ గారు శ్రద్ధగా చూశారు. పగటిపూట నలభైల్లో ఉన్న గీత అరవై దగ్గరికి వచ్చింది. బాపు ఇప్పుడు తూలకుండా లేస్తున్నారు.

చార్జింగ్ పెద్ద పని. ఒకసారి పెడితే 18 గంటలని కంపెనీ లెక్క. రాత్రి చేతికి ఉండాలి కాబట్టి పొద్దున స్నానం, టిఫిన్ వేళ పెడుతున్నాం. ఇంకో మాట, ఎంత ధర పెట్టినా ఇది కారణం చెప్పదు. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి అందకపోయినా వాచీలో అంకె చూస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

గుండె వేగం తగ్గించే మందులు వాడే తల్లిదండ్రులు ఉండి, ఇంట్లో ఐఫోన్ ఉంటే కొనమనే చెబుతాను. అంత డబ్బు కుదరకపోతే చాలామంది ఇళ్లలో ఉన్న బీపీ మిషన్ చాలు. పైన రెండు అంకెలు రాసుకుని కింద ఉన్న పల్స్ అంకెను వదిలేస్తుంటారు. దాన్ని కూడా రాసి, తేదీ వేసి, కంటి చుక్కల పేరుతో సహా మందుల చీటీలన్నీ కలిపి డాక్టర్‌కి చూపించండి.